ఈశాన్యాన నీళ్ళు

1938 నవంబరు 1, మంగళవారం

ఇది తమ్ముని నోటుపుస్తకం. మందుల పేర్లు రాసుకునేందుకు తెప్పించుకున్నాడు. మొదటి రెండు పుటలు అతని చేతిరాత. మిగిలినవి ఖాళీ. ఇప్పట్లో అతను రాయలేడు. నేను రాస్తున్నాను. ఎవరికీ చూపేది కాదు.

శనివారం పొద్దున తేజాబు అతని ముఖం మీద చిందింది.

తమ్ముడు స్వామిదాసు ఎల్లారెడ్డిలో ఈ మిషన్ దవాఖానకు ఇరవై ఏళ్ళుగా కాంపౌండరు. చిక్కని తేజాబు, మీద యాసిడ్ అని రాసిన పెద్ద గాజు సీసాలో కామారెడ్డి స్టేషనుకు వస్తుంది. గడ్డి కూరిన పెట్టెలో, ఎడ్లబండి మీద ఇక్కడికి చేరుతుంది. దాన్ని వారానికి ఒకసారి నీళ్ళతో పలుచన చేస్తాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క చుక్క అంగీ మీద పడలేదు.

రెండు కళ్ళకూ కట్టు కట్టారు. నెల గడవనిదే ఏమీ చెప్పలేనని డాక్టరమ్మ అన్నది.

ప్రార్థన చేశాను.

నవంబరు 2, బుధవారం

తమ్ముడు ఒకే మాట అడుగుతున్నాడు.

“అక్కా, నేను తేజాబునే గదా నీళ్ళల్ల పోసింది?”

“అవును.”

“ఎడమ దిక్కు జగ్గు ఎత్తిన. కుడి దిక్కు దాంట్ల పోసిన. ఎప్పటి లెక్కనే. మరి ఎట్ల మసిలింది?”

“మాట్లాడకు. మొఖం గుంజుతది.”

నీళ్ళల్లో తేజాబు పోయాలి. తేజాబులో నీళ్ళు పోయకూడదు. ఈ ఇంట్లో అందరికీ తెలిసిన మాట. నీళ్ళు తేలిక. తేజాబు మీద పడితే పైనే నిలిచి, అక్కడే మసిలి, తేజాబును వెంట తీసుకుని ఎగురుతాయి. ఆ రోజు అదే జరిగింది. జగ్గులు తారుమారై ఉన్నాయి. రెండూ ఒకే తీరు తెల్ల పింగాణివి. తమ్మునికి రెండేళ్ళుగా చూపు మసక. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అతను చూసి కాదు, చోటును బట్టి పని చేస్తాడు. ఎడమన తేజాబు. కుడిన నీళ్ళు.

బల్ల తుడిచేది ముత్తవ్వ. దవాఖాన ఆయా. మొగుడు పోయినప్పటి నుంచి ఈ కాంపౌండులోనే చిన్న అర్రలో ఉంటుంది. జగ్గులు ఆమే మార్చిందని అందరూ అంటున్నారు.

శనివారం తాను లింగంపేటలో ఉన్నానని, బిడ్డ కానుపుకు పోయానని ముత్తవ్వ చెప్పింది. సెలవు అడగలేదు. పోతుంటే చూసినవాళ్ళు లేరట.

నవంబరు 4, శుక్రవారం

కొత్త కాంపౌండరు క్రిస్మసు దాకా రాడు. తేజాబు కలిపే పని నన్ను చెయ్యమన్నది డాక్టరమ్మ. ఆమెది గుంటూరు వైపు.

“ఆయన చేస్తుంటే ఇన్నేళ్ళు చూశారు. మీ అంత నిదానం ఎవరికుంది సాలవ్వగారూ?”

గది తాళంచెవి ఒకటే. దారానికి కట్టి మెడలో వేసుకున్నాను.

డిసెంబరు 2న మిషన్ పెద్దయ్యగారు వస్తారు. ముత్తవ్వ సంగతి ఆ రోజు తేలుస్తారు. తప్పు ఆమెదే అయితే అర్ర ఖాళీ చేసి పోవాలి. అప్పటి వరకు ఆమెను పనిలోకి రావద్దన్నారు.

నవంబరు 5, శనివారం

కలిపాను. బాగానే జరిగింది.

రాసిపెట్టుకోవడం మంచిది.

కిటికీ తెరవాలి. కొంగు నడుముకు బిగించాలి. కాళ్ళ దగ్గర నీళ్ళ బకెట్టు, బల్ల మీద గిన్నెలో సోడా ఉప్పు. నీళ్ళు నాలుగు పాళ్ళు, తేజాబు ఒక పాలు. చల్లని నీళ్ళు పోసిన తొట్టిలో నీళ్ళ జగ్గు నిలబెట్టాలి. రెండు జగ్గులూ కొలిచి, పళ్ళేలు మూతపెట్టి, గుడి గంట కొట్టగానే ప్రార్థనకు పోవాలి. కలిపేది ప్రార్థన నుంచి వచ్చాకే. మనసు ఉరుకులాడుతుండగా తేజాబు ముట్టవద్దని తమ్ముని నియమం. ఇరవై ఏళ్ళూ ఇదే.

తర్వాత గాజు పుల్ల ఆనించి, దాని వెంట సన్నని ధారగా తేజాబు. పోస్తూ ప్రభువు ప్రార్థన ఒకసారి. ఆమేన్ అనగానే ఆపాలి. కలపాలి. జగ్గు మీద అరచెయ్యి పెట్టి చూడాలి. వేడెక్కితే చల్లబడే దాకా ఆగాలి. మళ్ళీ ఒక ప్రార్థన పొడుగున పోయాలి. ముఖం ఎప్పుడూ జగ్గు మీదికి వంచకూడదు. తమ్ముడు వంచేవాడు. కనపడక.

ఒక జగ్గు ఆ రోజు పగిలింది. అచ్చం అలాంటిదే డాక్టరమ్మ తన ఇంటి నుంచి ఇచ్చింది.

తమ్ముని మంచం గోడకు అవతలి గదిలో ఉంది. మధ్యన తలుపు. దాని గడియ నా వైపే ఉంది. అక్కడి నుంచి చెప్తూ ఉన్నాడు. “ఆగు అక్కా. ఇప్పుడు వేడయితది.” అప్పుడే వేడెక్కింది.

నవంబరు 8, మంగళవారం

తమ్ముడు రోజూ పొద్దున ముత్తవ్వ కోసం పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నాడు. తెలియక చేసిందని, ఆమె మీద తన మనసులో ఏమీ లేదని. చాలా చక్కగా చేస్తాడు. వినేవాళ్ళకు కన్నీళ్ళు వస్తాయి.

నేను పక్కన కూర్చుని ఆమేన్ అంటున్నాను.

నవంబరు 12, శనివారం

జగ్గులు కొలిచి పెట్టి, తాళం వేసి, ప్రార్థనకు పోయి వచ్చాను. నీళ్ళ జగ్గు తొట్టిలో లేదు. బల్ల ఎడమ కొసన, గోడ మూలకు ఉంది. తేజాబు జగ్గు తొట్టిలో ఉంది.

తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా మెడలోనే ఉంది.

సరిగ్గా పెట్టి కలిపాను.

నవంబరు 13, ఆదివారం

నేను పెట్టలేదు.

నవంబరు 15, మంగళవారం

ముత్తవ్వ వచ్చి మా అరుగు మీద కూర్చుంటున్నది. పొద్దునే వస్తుంది. పగలంతా కూర్చుంటుంది. ఏమీ అడగదు. నేను లోపలికి, బయటికి తిరుగుతుంటే కళ్ళతోనే వెంట వస్తుంది.

ఈ రోజు నేనే అడిగాను. “బిడ్డకు ఎట్లున్నది?”

“మంచిగనే ఉన్నది. పిలగాడు పుట్టిండు. నల్లగ ఉన్నడు, నా లెక్క. సాలక్క పేరు పెడ్దమంటే ఆడివిల్ల గాకపాయె.”

నవ్వింది. నేను నవ్వలేదు.

“నీకు తెలుసు గదా సాలక్కా, నేను లింగంపేటల ఉన్ననని.”

“దేవుడు చూసుకుంటడు” అన్నాను.

“ఆయన చూస్తనే ఉన్నడు. చెప్పేటోళ్ళే గావాలె.”

నవంబరు 19, శనివారం

మళ్ళీ జరిగింది. నీళ్ళు ఎడమ మూలకు.

సరిచేసి కలుపుతుండగా తమ్ముడు పిలిచాడు.

“అక్కా, నీతోని ఎవరున్నరు?”

“ఎవ్వలు లేరు.”

“ఇద్దరు నడుస్తున్నరు. ఒక అడుగు నీది. ఇంకొకటి... అడుగేసి ఈడ్చుకుంట. అడుగేసి ఈడ్చుకుంట.”

“నా మోకాలు చలికి పట్టింది.”

“అవ్వ గట్ల నడుస్తుండె” అన్నాడు.

తేజాబు ధార ఆపాను. ప్రార్థనలో ఎక్కడ ఉన్నానో మరిచిపోయాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. నేను ఒక మాట అనేలోపు ఆ మాట గదిలో అప్పటికే ఎవరో అని ఉన్నట్టనిపించింది. నేను వెనకబడ్డాను. అందుకోవాలని తొందరపడ్డాను. ధార లావైంది. జగ్గు వేడెక్కి చెయ్యి కాలింది.

తొందరపడకూడదు. అది ఒక్కటే నియమం.

నవంబరు 20, ఆదివారం

మమ్మల్ని కన్న అవ్వ పోయి ముప్పై ఒక్క ఏళ్ళు. మా ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఆమె. బొట్టు తీసేసింది. ఇంటి మూలనున్న పోచమ్మ రాయిని తన చేతులతో తీసి బయట పెట్టింది. కులపోళ్ళు నెల రోజులు తిట్టారు. కానీ నీళ్ళ కుండను మాత్రం ఈశాన్యం మూల నుంచి జరపలేదు. పాదిరి వచ్చి ఇదేమిటమ్మా అంటే, “నీళ్ళకు అది చల్లని జాగ దొరా” అన్నది. అంతే. అక్కడ తప్ప ఎక్కడ పెట్టినా తిరిగి వచ్చి జరిపేది. కాలు ఈడ్చుకుంటూ వచ్చి జరిపేది.

తేజాబు గదిలో బల్ల తూర్పు గోడకు ఉంది. ఎడమ కొస ఈశాన్యం.

ఎందుకు రాశానో తెలియదు.

నవంబరు 22, మంగళవారం

జ్వరం. ముత్తవ్వ గంజి తెచ్చింది. తాగాను.

నవంబరు 26, శనివారం

ఈ రోజు కొంచెంలో తప్పింది.

నీళ్ళు కుడిన, తొట్టిలో పెట్టాను. పెట్టి రెండుసార్లు చూసుకున్నాను. పైకి పలికాను కూడా. తాళం వేశాను. ప్రార్థన నుంచి వచ్చాను. చూడకుండానే ఎడమ జగ్గు ఎత్తాను. ఎత్తగానే బరువు తెలిసింది. ఒక పాలు తేజాబుకు ఉండాల్సిన బరువు కాదు. వంచబోతూ ఆగాను. లోపల నాలుగు పాళ్ళు నీళ్ళు. గాజు పుల్ల కొస అవతలి జగ్గులో, తేజాబులో ఆని ఉంది.

జగ్గు దించాను.

జగ్గు పిడి మీద పసుపు ఉంది. రెండు వేళ్ళ మేర.

నేను ఈ పొద్దున పసుపు ముట్టలేదు.

నవంబరు 27, ఆదివారం

నిన్న రాసింది తప్పు. పొద్దున కూరకు పసుపు కొమ్ము దంచాను.

నవంబరు 28, సోమవారం

శుక్రవారం పెద్దయ్యగారు వస్తారు. ముత్తవ్వ అర్రలోని సామాను మూట కట్టుకుంటున్నది. రెండు గిన్నెలు, ఒక గొంగడి.

రాస్తాను.

ఆ శనివారం బల్ల నేను తుడిచాను. అంతకుముందు రోజు సాయంత్రం లింగంపేట నుంచి కబురు వచ్చింది. ముత్తవ్వ ఏడుస్తూ నా దగ్గరికి వస్తే, “నువ్వు పో, ఎవ్వలకు చెప్పకు, నీ పని నేను చూసుకుంట” అన్నాను. తుడవడం తప్పు కాదు. తమ్ముడు జగ్గులు కొలిచి ప్రార్థనకు పోయాడు. నేను బల్ల తుడిచి పోదామని ఆగాను. తుడవడానికి జగ్గులు ఎత్తాను. ఎత్తిన చోటే పెట్టాననుకున్నాను.

అనుకున్నాను.

లేదు. నీళ్ళను మూలకు పెట్టాను. పెట్టినప్పుడు చేతికి హాయిగా ఉంది. ఇల్లు సర్దినట్టు అనిపించింది. అది నాకు గుర్తుంది. మొదటి రోజు నుంచీ గుర్తుంది.

నవంబరు 29, మంగళవారం

డాక్టరమ్మకు చెప్పాను.

మొత్తం విన్నది. తర్వాత నా చేతులు రెండూ పట్టుకున్నది. ఆమె కళ్ళల్లో నీళ్ళు.

“సాలవ్వగారూ, మీరు అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి కదా? ఆ ఆయా మీద జాలితో చెప్తున్నారు. నాకు తెలుసు.”

“అబద్ధం కాదమ్మా.”

“ఈశాన్యమేమిటి, మీరేమిటి! ఇంత ప్రార్థనాపరురాలు. మీరు ఊరికే ఉండండి. పెద్దయ్యగారికి మీ మంచితనం గురించి కూడా రాస్తాను.”

బయటికి వచ్చాను. చెప్పాల్సింది చెప్పాను, నమ్మకపోతే నేనేం చేయను అనిపించింది. చాలా తేలికైంది. అరుగు దాకా వచ్చేవరకు అలాగే ఉంది.

ముత్తవ్వ అరుగు మీదే ఉంది. “చెప్పినవా?”

“చెప్పిన.”

“నమ్మలేదా?”

“లేదు.”

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. “మంచిదానివైతే గిట్లనే ఉంటది సాలక్కా. నేను నిజం చెప్తే అబద్ధమంటరు. నువ్వు తప్పు జేసిన అన్నా పుణ్యమంటరు. ఇద్దరం కలిసి మీదున్న మొగులుకు చెప్పుకుందం పా.”

తర్వాత నవ్వు ఆపింది. “నీ తమ్మునికి చెప్పినవా?”

నేను లోపలికి వచ్చేశాను.

నవంబరు 30, బుధవారం

కట్టు విప్పారు. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి వెలుతురు, చీకటి తెలుస్తున్నాయి. అంతకు మించి రాదు.

“కిటికీ అటు దిక్కు గదా?” అని చెయ్యి చాపి చూపించాడు. సరిగ్గానే చూపించాడు. చిన్నపిల్లవాడిలా సంతోషపడ్డాడు.

వెంటనే ముత్తవ్వ కోసం ప్రార్థన చేశాడు.

నేను ఆమేన్ అనలేదు.

డిసెంబరు 1, గురువారం

మధ్యాహ్నం అన్నం పెట్టి, చెయ్యి కడిగించి, పక్కన కూర్చుని చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది.

డాక్టరమ్మలా అతను అడ్డం చెప్పలేదు. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

“ఎడమది బరువుండె” అన్నాడు. “ఎత్తినప్పుడు అనుకున్న. తేజాబు ఎక్కువ కొలిచిననేమో అనుకున్న. ఆగకపోతి. అదొక్కటే రోజూ యాది జేసుకుంటున్న.”

నేను అతని తడి చెయ్యి కొంగుతో తుడిచాను.

“నీళ్ళు ఆ మూలకు పెట్టినవ్. అవ్వ లెక్క.”

“అవ్వ మీద వెయ్యకు. చేతులు నావి.”

తలుపు అవతల గదిలో ఎవరో అడుగేసి ఈడ్చారు. అతనూ విన్నాడు. అటు తల తిప్పాడు. ఇద్దరం దాని గురించి మాట్లాడలేదు.

“నాకు చూపు మసకని నీకు ఎరుకే. జాగను బట్టి పనిజేస్తనని గూడ ఎరుకే.”

“ఎరుకే.”

“నెల సంది ముత్తవ్వ కోసం ప్రార్థన చేస్తున్న.”

“అవును.”

“నువ్వు పక్కన కూసొని ఆమేన్ అన్నవ్.”

“అన్న.”

గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం ప్రార్థన గంట కొట్టింది. అతను లేవలేదు. నేను కూడా పోలేదు. ఎన్నేళ్ళకో.

డిసెంబరు 2, శుక్రవారం

పెద్దయ్యగారు కామారెడ్డి స్టేషను నుంచి పదింటికి వచ్చారు. దవాఖాన వరండాలో కుర్చీలు వేశారు. డాక్టరమ్మ రాసిన కాగితం చదివారు. ముత్తవ్వ తన మూటతో మెట్ల దగ్గర నిలబడింది. ఏమైనా చెప్పుకుంటావా అని అడిగితే, “నెల సంది చెప్తనే ఉన్న దొరా, ఇనేటోళ్ళు ఉంటే మళ్ళ చెప్త” అన్నది.

నేను లేచి నిలబడ్డాను. డాక్టరమ్మ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన నా వైపు దయగా చూసి కూర్చోమని సైగ చేశారు.

అప్పుడు తమ్ముడు గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. ఎవరినీ సాయం అడగలేదు. స్తంభం దొరికేదాకా తడుముకుని, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

“ముత్తవ్వ ఆ దినం లేదు అయ్యగారూ. జగ్గులు మార్చింది మా అక్క. అక్క నాకు చెప్పింది. నేను నమ్మిన. ఎందుకంటే అది మా ఇంటి అలవాటు. నా చూపు రెండేండ్ల సంది సక్కగ లేదు. గా సంగతి నేను దాచిపెట్టిన. అది నా తప్పు.”

డాక్టరమ్మ నా ముఖం చూసింది. నెల రోజుల్లో మొదటిసారి నన్ను చూసినట్టు చూసింది. తర్వాత చెయ్యి చాపింది. తాళంచెవి దారం తీసి ఇచ్చాను.

ముత్తవ్వ అర్ర ముత్తవ్వదేనని పెద్దయ్యగారు చెప్పారు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. ఆమె మూట ఎత్తుకుని, “మళ్ళ ఇప్పాలె గదా, గీ ముడి గట్టిగేసిన” అని తనలో తను అనుకుంటూ పోయింది.

పెద్దయ్యగారు తమ్ముని భుజం మీద చెయ్యి వేశారు. నువ్వు ముత్తవ్వను ఎంత చక్కగా క్షమించావో విన్నాను, మీ అక్కను కూడా అలాగే క్షమించు అన్నారు.

“ముత్తవ్వను మన్నించుడు సులువుగ అయింది అయ్యగారూ” అన్నాడు తమ్ముడు. “ఆమె నాకు ఏమీ గాదు. అక్క నన్ను ఎత్తుకొని పెంచింది. జర దినాలు పడతయ్.”

డిసెంబరు 3, శనివారం

తేజాబు ఈ రోజు డాక్టరమ్మ తానే కలిపింది. నేను అరుగు మీద కూర్చున్నాను, ముత్తవ్వ కూర్చునే చోట. ప్రార్థన గంట కొట్టింది. డాక్టరమ్మ జగ్గులు కొలిచి పెట్టి, గదికి తాళం వేసి గుడికి పోయింది. అందరూ పోయారు.

మూసిన గదిలో అడుగు వినపడింది. అడుగేసి ఈడ్వడం. బల్ల మీద పింగాణి జరిగిన చప్పుడు.

నా మోకాళ్ళు నా దగ్గరే ఉన్నాయి. నేను బయట ఉన్నాను.

గుడికి పోయి, అందరి ముందు నుంచి నడిచి, డాక్టరమ్మ పక్కన నిలబడి, జగ్గులు చూసుకోకుండా ఎత్తవద్దని చెప్పాను. ఆమె ఎందుకని అడగలేదు. ముఖం తెల్లబడింది. వచ్చి తలుపు తీసి, ఒక్కొక్క జగ్గు మూత ఎత్తి చూసి, వాటిని మార్చి పెట్టింది. తర్వాత కలిపింది. నిదానంగా కలిపింది. ఏమీ కాలేదు.

మధ్యాహ్నం అన్నం తీసుకుని పోయాను. నా అడుగు గుర్తుపట్టి తమ్ముడు, “ముత్తవ్వను పెట్టుమను” అన్నాడు.

ముత్తవ్వ వచ్చి కలిపి ముద్దలు పెట్టింది. “నోరు జర పెద్దగ తెరువు, ఇది ఉగ్గు గాదు” అని గదమాయించింది. అతను తిన్నాడు. నేను గడప ఇవతల నిలబడి చూశాను.

“మీ అక్క గడపల నిలబడ్డది” అన్నది ముత్తవ్వ. “లోపలికి రమ్మందునా?”

అతను నమిలాడు. మింగాడు. చాలాసేపు పట్టింది.

“ఇయ్యాల వద్దు” అన్నాడు.

ఇయ్యాల అన్నాడు.